బూడిదలో అడుగులు

గజాలు పోయి మీటర్లు వచ్చిన ఆ ఏడాది, దేవరకొండ పక్క పల్లెలో పర్వతాలు అనే కుర్రాడు పొద్దున్నే వేసుకున్న పథకం చాలా చిన్నది. పిల్ల తరఫువాళ్లు వస్తారు. చెంబుతో నీళ్లివ్వాలి, పళ్లు కనిపించేలా ఒకసారి నవ్వాలి, సాయంత్రానికి సంబంధం ఖాయం చేసుకోవాలి. ఆ పిల్ల అమృతమ్మను జాతరలో చూసినప్పటి నుంచి అతనికి అన్నం మీద ధ్యాస లేదు. తినేవాడే గానీ, తిన్నది గుర్తుండేది కాదు.

అడ్డం వచ్చింది పిల్ల మేనమామ మైసయ్య. తప్పిపోయిన గొర్రె అడుగు చూసి అది ఎవరి మందదో చెప్పగల కాపరి. అడుగుల విషయంలో ఆయన మాటకు ఎదురడుగు లేదు. మొన్న సంతలో కొత్త కిర్రు చెప్పులు కరిచి పర్వతాలు కాలీడుస్తుంటే ఆయన కంటబడ్డాడు. చెప్పు సంగతి చెప్పుకునే లోపలే ఊళ్లన్నీ "పిల్లగాడు కుంటోడట" అని చెప్పుకున్నాయి. కుంటిసాకులు చెప్పేవాళ్లు లోకంలో ఉన్నారు. సాకు దొరికితే కుంటివాణ్ణి చేసేవాళ్లూ ఉన్నారు.

మైసయ్య వస్తూనే, నీళ్లు కూడా ముట్టకుండా, పొయ్యిలో బూడిద తెప్పించి వాకిట్లో బాటలా పరిపించాడు.

"మామా, గా దినం చెప్పులు గరిచినయే," అన్నాడు పర్వతాలు.

"నోరు అబద్ధమాడ్తది, అడుగు ఆడదు. నడువు బిడ్డా!"

పర్వతాలు నడిచాడు. పుట్టి ఇన్నేళ్లయినా తను ఎలా నడుస్తాడో ఎన్నడూ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాడు. అదే కొంప ముంచింది. మైసయ్య వంగి, జానలు వేసి కొలిచాడు.

"కుడి అడుగు రెండు వేళ్లు పొడుగుంది!"

"ఎడమది జర పొడుగెయ్యరా కొడుకా," అని తల్లి ఈదమ్మ గుమ్మంలోంచి గొణిగింది. మైసయ్య భార్య గోవిందమ్మ చీపురుతో బూడిద సాపు చేసింది. పర్వతాలు మళ్లీ నడిచాడు.

"ఇప్పుడు ఎడమది పొడుగాయె! గీ కాలు కుంటు గా కాలికి పోయిందా?"

"ఊపిరి బిగబట్టి, మొగులు దిక్కు జూసుకుంట నడువు తమ్మీ," అన్నాడు అన్న లింగస్వామి. తమ్ముడు మబ్బులు చూస్తూ నడిచి, కోడిని తొక్కబోయి, తప్పుకోబోయి, తప్పటడుగుల వయసు దాటిన ఇన్నాళ్లకు మళ్లీ తప్పటడుగులు వేశాడు.

తర్వాత తల్లి చెప్పినట్టు కాలు, అన్న చెప్పినట్టు తల, గుండె చెప్పినట్టు వణుకు కలిపి నడిచేసరికి, పొద్దున నిక్షేపంగా ఉన్న మనిషి నిజంగానే కుంటసాగాడు. తన పెండ్లి బూడిదలో పోసిన పన్నీరవడం కళ్లముందే కనిపించింది.

"ఎవరు జూడనప్పుడు మంచిగనే నడుస్త మామా," అన్నాడు ఏడుపు గొంతుతో.

"ఎవరు జూడనప్పుడు నేనెట్ల జూడాలెరా?"

గోవిందమ్మ మళ్లీ బూడిద సాపు చేస్తూ అంది: "ఏందయ్యా, ముందుగాల జాన బాగ గుంజి కొలిచినవ్. ఇప్పుడు నడుం నొచ్చి, ముడుచుకొని కొలుస్తున్నవ్. నీ జాననే ఒక్కతీరుగ లేదాయె!"

"నా జానకే వంక వెడ్తవా? గీ సంబంధం మాకద్దు!"

మైసయ్య లేచి, సాపుగా ఉన్న బూడిద మీదుగానే విసవిసా నడిచివెళ్లి, దడికి ఆనించిన కట్టె అందుకున్నాడు. గోవిందమ్మ బూడిద వంక చూసింది. నోరు తెరవొద్దని పర్వతాలుకు సైగ చేసింది.

"ఆగవయ్యా! పిల్లగాడు కడసారి నడిచిండు. గివి గూడ జూసి పోదువు."

మైసయ్య తిరిగొచ్చి కొలిచాడు. ముఖం వెలిగిపోయింది.

"చూసినవా! అన్నిట్ల గిదే అధ్వానం. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మడిమ ఓ దిక్కు, వేళ్లో దిక్కు. గిసుంటోనికి పిల్లనెవరిస్తరే?"

"మా నాయిన ఇచ్చిండు," అంది గోవిందమ్మ. "అవి నీ అడుగులే."

మైసయ్య తన పాదం ఆ అచ్చులో పెట్టి చూశాడు. అచ్చంగా సరిపోయింది.

"ఇన్నేండ్లు గొర్ల అడుగులే చూసిన గని, నా అడుగులెన్నడు జూడలే," అన్నాడు మెల్లగా. "నేను జూస్తున్నట్టు గొర్రెకు తెల్వదు గదా, పాపం." తర్వాత పర్వతాలు వైపు తిరిగాడు. "నడిచింది సాలు గని, గా నీళ్ల చెంబు ఇటు తే అల్లుడా."

పర్వతాలు ఉరికాడు. ఎలా ఉరికాడో ఎవరూ చూడలేదు.

సాయంత్రానికి తాంబూలాలు మార్చుకున్నారు. మైసయ్య బయల్దేరుతుంటే ఇల్లంతా వాకిట్లో నిలబడి ఆయన కాళ్లనే చూసింది. బూడిద అంచు పట్టుకొని, ఆ మహానుభావుడు దడి దాటేదాకా కుంటుతూనే వెళ్లాడు.