ఇటలీ బొమ్మలో కృష్ణ నీళ్లు

ఆ ఆదివారం పొద్దున్నే దస్తగిరి మాస్టారు ఇటలీకి తయారయ్యారు. అంటే, మోత్కూరులో బస్సెక్కి ఆరేడు మైళ్ల అవతల చిన్నబండ అనే పల్లె దగ్గర దిగుతారన్నమాట.

మాస్టారు హైస్కూల్లో డ్రాయింగు చెబుతారు. హైదరాబాదు వెళ్లినప్పుడు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆయనకొక బొమ్మల పుస్తకం దొరికింది. ఎవరో దొరలు ఇటలీ తోటల్లో, కూలిన స్తంభాల మధ్య, పొలం గట్ల మీద పీటలేసుకుని నీటి రంగులతో వేసిన బొమ్మలవి. అది చూసిన దగ్గర్నుంచి నాలుగు గోడల మధ్య కూర్చుని బొమ్మ వేయడం మాస్టారికి నామోషీ అయిపోయింది. వెతగ్గా వెతగ్గా చిన్నబండలో ఇటలీ కనబడింది. గుట్ట కింద సగం కూలిన రాతి మండపం ఉంది. నిటారుగా నిలబడే ఇటలీ చెట్లకు బదులు తాటిచెట్లున్నాయి. పూలతోటకు బదులు ఆముదపు చేను ఉంది. లేనిదల్లా నీళ్లే. వరసగా వానల్లేని 1987లో నల్లగొండ జిల్లాలో నీళ్లు కూడా కావాలనుకోవడం అత్యాశని ఆయన సరిపెట్టుకున్నారు.

రంగుల పెట్టె, నల్ల గొడుగు, మడత పీట సర్దుకుంటుంటే భార్య అన్వరీ బేగం గడపలో అడ్డంగా నిలబడింది.

"ఇగో, జర ఇనుర్రి. గీ బొమ్మ గూడ హైదరాబాద్ పంపుతరా?"

"పంపాలె. రేపే ఆఖరు దినం."

"గీసారి గూడ పోస్టుమన్ వాపస్ తెచ్చిండనుకోర్రి, ముందటర్ర నాది. నా మిషిన్ అండ్లకే వస్తది. ఎన్కర్రల చీకటికి సూదిల దారమెక్కియ్యలేక కండ్లు పోతున్నయి నాకు."

ఆ ఇంట్లో వెలుతురున్నది ముందటి గది ఒక్కదానికే. దాని నిండా మాస్టారి బొమ్మలే. అన్నీ ఏటేటా హైదరాబాదు చిత్రకళా ప్రదర్శనకు వెళ్లి, చెక్కు చెదరకుండా తిరిగొచ్చినవి. ఆ గది పోతే ఇక కుంచె పట్టే చోటే ఉండదు. అలాగని బేగం కళ్ల సంగతి అబద్ధమూ కాదు.

"బొమ్మ వాపస్ ఇంటికొస్తే అర్ర నీదే. నా జబాన్," అని మాటిచ్చారాయన. అనేసి గొడుగు చంకన పెట్టుకుని గడప దాటారు.

చిన్నబండ చేరి, గట్టు మీద గొడుగు పాతి, పీట వేసుకుని కూర్చున్నాక మాస్టారు లోకాన్ని మరిచిపోయారు. ఒక కన్ను మూసి, చెయ్యి చాచి, పెన్సిలు నిలువుగా పట్టుకుని మండపం ఎత్తు చూసుకున్నారు. అడ్డంగా పట్టుకుని చేను వెడల్పు చూసుకున్నారు. కుంచె తుడుచుకునే ఎర్రగుడ్డ తడిసి ముద్దయితే, ఎండుతుందని కర్రకు కట్టి గట్టు మీద గుచ్చారు.

బొమ్మలేసే వాళ్లెవరైనా చేసే పనులే ఇవన్నీ. కాలువ సర్వే చేసే వాళ్లూ అచ్చం ఇవే చేస్తారన్నది ఆయనకు తట్టలేదు. కృష్ణ నీళ్లు తెస్తామని ప్రతి ఎలక్షనుకూ ఎవరో ఒకరు చిన్నబండకు వచ్చి చెప్పిపోతారు. గొడుగు, పీట, ఎర్రజెండా ఉన్న మనిషి ఎప్పుడొస్తాడా అని ఆ ఊరు ఏళ్ల తరబడి రోడ్డు వైపు చూస్తూనే ఉంది.

ముందుగా చూసింది లింగయ్య. ఆముదపు చేను ఆయనదే. చప్పుడు చేయకుండా వచ్చి మాస్టారి భుజం మీంచి తొంగి చూశాడు. సరిగ్గా అప్పుడే మాస్టారికి మనసాగక, పుస్తకంలో ఉన్నట్టే ఒక నీలి కాలువను గుట్ట మీంచి దించి, మండపం పక్కనుంచి తిప్పి, చేని మధ్యలో పారించారు.

"సారూ, గిది మా చేనే గదా?"

"నీదేనా? మంచిగున్నది," అన్నారు మాస్టారు తలెత్తకుండా.

"గీ నీలం రంగుదేంది?"

"నీళ్లు."

లింగయ్య చెప్పులు చేత్తో పట్టుకుని ఊళ్లోకి లగెత్తాడు.

కాసేపటికి గట్టంతా జనం. లింగయ్య భార్య ఈదమ్మ చెంబెడు మజ్జిగ తెచ్చి మాస్టారి చేతిలో పెట్టింది. పక్క చేను మల్లయ్య మాత్రం బొమ్మను తేరిపార చూసి మండిపడ్డాడు.

"గిదేం న్యాయం సారూ? కాలువ నా గట్టు కాడికొచ్చి ఆగిందేంది?"

"కాయితం అయిపోయిందయ్యా."

"అయిపోతే ఇంకోటి అతికియ్యి! వాళ్లు మజ్జిగ పోసిండ్రని వాళ్లకు కాలువనా? నాకు కాయితం గూడ కరువాయెనా?"

అప్పటిగ్గానీ మాస్టారికి విషయం అర్థం కాలేదు. "అయ్యో, నేను సర్వే ఆయన్ని కాదు. బడిల డ్రాయింగ్ చెప్పెటోన్ని. గిది ఉత్త బొమ్మ!"

జనం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నారు.

"పోయినసారి రోడ్డు కొలవనొచ్చినాయన గూడ మేకలు కొననీకె వచ్చిన అన్నడు," అన్నాడు లింగయ్య. "పెద్ద ఆఫీసర్లు గట్లనే చెప్తరు. మాకెర్క లేదా?"

మాస్టారు గాభరాగా లేచారు. మోకాలు తగిలి, పెట్టె మీదున్న నీళ్ల డబ్బా బొమ్మ మీద ఒరిగింది. తడి నీలం కదిలింది. అందరూ చూస్తుండగానే కాలువ పొంగి, మండపాన్ని చుట్టేసి, చేని పక్కన మాస్టారు ముచ్చటపడి వేసిన పెంకుటింటిని మింగేసింది. ఆ పెంకుటిల్లు ఈదమ్మది.

"ఓ అవ్వో! నా ఇల్లు మునిగిందిరో!"

సాగర్ డ్యాం కట్టినప్పుడు ఆమె పుట్టిన ఊరు నీళ్లలో పోయింది. అప్పుడూ మొదట కాగితం మీదే మునిగింది. అందుకే ఆ ఏడుపులో ఉత్తుత్తిది ఏమీ లేదు. "తల్లిగారిల్లు సాగర్ల వాయె, అత్తగారిల్లు గూడ వాయెనా? నీ బాంచెన్ సారూ, నీళ్లొద్దు ఏమొద్దు, నా ఇల్లు నాకియ్యి!"

ఇది వివరాలు చెప్పే సమయం కాదు. మాస్టారు సంచిలోంచి దూది తీసి ఇంటి మీద మెల్లగా అద్దారు. నీలం దూదిలోకి పోయింది. పెంకులు ఒక్కొక్కటే బయటపడ్డాయి.

"తేలింది! ఇల్లు తేలింది!" అని జనం చప్పట్లు కొట్టారు. ఈదమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని, ఇంకో చెంబు మజ్జిగ పోసింది.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. నీళ్లు తీసేవాడు పెట్టనూ గలడని ఊరికి తెలిసిపోయింది.

"సారూ, గా తీసిన నీళ్లు దూదిలనే ఉన్నయి గదా?" అన్నాడు మల్లయ్య. "జర నా చేన్ల పిండు."

పిండాల్సి వచ్చింది. అంతకు ముందు ఇంకో కాగితం అతికించాల్సీ వచ్చింది. ఆ తర్వాత ఒకాయన బావి, ఒకామె మిరపమడి, ఎవరివో తాటిచెట్లు. పొద్దు వాలేసరికి బొమ్మలో ఇటలీ అన్నది మచ్చుకైనా మిగల్లేదు. ఆఖరుకు సర్పంచ్ గుర్వయ్య వచ్చి, అద్దాలు పెట్టుకుని చూసి, ఊరి కుంట మర్చిపోయారని చెప్పి అదీ నింపించాడు. బొమ్మ పూర్తయితే కింద మూలన సంతకం చేయడం మాస్టారి అలవాటు. చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది. సంతకం చూశాక ఇక ఎవరికీ ఏ అనుమానమూ లేకపోయింది.

"ఇగ గిది పంచాయతీ ఆఫీసుల ఉంటది," అంటూ గుర్వయ్య బొమ్మ చుట్టేశాడు.

"రేపు హైదరాబాద్ పంపేదుంది!" అని మాస్టారు బతిమాలారు.

"హైదరాబాద్ పోయిన కాయితం ఎన్నడన్న తిరిగొచ్చిందా సారూ? మాకాడ పైలంగుంటది."

తనవన్నీ తిరిగొస్తాయని చెప్పుకోలేక మాస్టారు పీట మడిచారు.

రాత్రి ఆయన ఊరివాళ్లిచ్చిన ఒక మూట పల్లికాయతో, బొమ్మ లేని ఉత్త అట్టతో ఇల్లు చేరారు. సంగతంతా విని అన్వరీ బేగం పొట్ట పట్టుకుని నవ్వింది.

"అయితే ఇగ హైదరాబాద్ పోనట్టేనా?"

"పోలే. గానీ ఇంటికి వాపస్ గూడ రాలే," అన్నారు మాస్టారు మెల్లగా.

ఆమె నవ్వు ఆగిపోయింది. "జబాన్ జబానే. అర్ర మీదే," అంది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పైగా లోలోపల కొంచెం గర్వం కూడా. తన బొమ్మ కోసం జనం ఎగబడటం ఆయన జన్మలో అదే మొదలు.

ఆ శుక్రవారం మాస్టారు నమాజు నుంచి వచ్చేసరికి ముందటి గదిలో గుర్వయ్య, లింగయ్య, ఈదమ్మ కూర్చుని చాయ్ తాగుతున్నారు. బల్ల మీద బొమ్మ. అద్దం బిగించి, బంతిపూల దండ వేసి ఉంది.

"అంత మంచిగనే ఉన్నది సారూ," అంది ఈదమ్మ. "గానీ మా బర్రెల కొట్టం మరిచినవ్. రేపు నీళ్లొచ్చినంక అండ్ల బర్రెలు ఏడుంటయి? జర దిద్దియ్యి, మల్ల తీస్కపోతం."

వాపస్ ఇంటికొచ్చిన బొమ్మ వైపు మాస్టారు చూశారు. తర్వాత భార్య వైపు చూశారు. అన్వరీ బేగం కప్పులు తీసి, వెనక గదిలోకి వెళ్లి మిషిను మీది గుడ్డ దులపసాగింది.

మర్నాటికి మిషిను ముందటి గది కిటికీ పక్కకు చేరింది. ఆ వెలుతురులో కుట్టిన మొదటి రవికె ఈదమ్మదే. గుడ్డ రంగు నీలం.