ఉపమంత్రి తాగి తేల్చిన ట్రయల్

ఇరవైమంది వణికే చేతులకి నయమైందని రాసిచ్చిన పాపం మీదే, ఆరోగ్య ఉపమంత్రి ప్యో గ్వాంగ్‌మో గారూ! మీదీ, మీరు తుమ్మినా రాసుకునే మీ డాక్టర్లదీ! కాదనండి చూద్దాం.

అయినా ముందు మీ గొప్పతనం చెప్పుకోవాలి. చేతుల వణుకుకి కంప్యూటర్ ప్రోగ్రామ్ రూపం గీసిచ్చిన కొత్త ప్రోటీన్ సూదిమందు చెంగ్జు ఆసుపత్రిలో ట్రయల్‌కి వచ్చిందని వినగానే ఉపమంత్రిగారు టీవీలో గర్జించారు. "సగంమందికి మందిచ్చి, సగంమందికి ఉప్పునీళ్లు పొడిచే మోసం ఇక చెల్లదు! కొరియా పౌరులందరికీ అసలు మందే!"

చప్పట్లు.

"మరి మందు పనిచేసిందని ఎవరితో పోల్చి చెప్పాలి సార్?" అని ట్రయల్ నడిపే డాక్టర్ నామ్‌గుంగ్ గొణిగాడు.

"జపానోళ్లతో పోల్చవయ్యా. ఎప్పుడూ చేసే పనేగా!"

టాక్ మల్సున్‌కి ఈ శాస్త్రచర్చతో పని లేదు. మార్కెట్ సందులో ముప్పై ఏళ్లు పిండి వత్తి, మడిచి, కత్తితో సన్నగా తరిగి నూడుల్స్ అమ్మిన మనిషి. చెయ్యి వణికి వేలు తెగాక కొట్టు మూసేసింది. మళ్లీ కత్తి పట్టొచ్చా, పట్టకూడదా? ఆ ఒక్క జవాబు కోసమే ప్రతివారం సూది పొడిపించుకుంది.

ఫలితాలు తేల్చే రోజున ఉపమంత్రిగారే స్వయంగా దయచేశారు. వణుకు కొలిచే యంత్రాన్ని చూసి మొహం చిట్లించారు. "ఇనపముక్కకేం తెలుస్తుందయ్యా మనిషి సంగతి? విందు పెట్టండి. రోగుల్ని తలా ఒక కప్పు సోజు సారా నాకు పొయ్యమనండి. చుక్క ఒలికితే జబ్బున్నట్టు. ఒలక్కపోతే పోయినట్టు!"

ఇంత సులువైన పద్ధతి ప్రపంచంలో ఏ శాస్త్రవేత్తకీ తట్టలేదు. ఎలా తడుతుంది? వాళ్లెవరూ ఉపమంత్రులు కారు.

పెద్దవాళ్లకి పానీయం ఎలా పోయాలో మా దగ్గర పాలు తాగే పిల్లాడికీ తెలుసు. కుడిచేత్తో సీసా పట్టాలి, ఎడమచేత్తో ఆ కుడి మణికట్టుని కింద ఆనించి పట్టాలి. ఉపమంత్రికి ఒంటిచేత్తో పోసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

వయసు ప్రకారం, రోగుల్లో అందరికన్నా పెద్దవాడైన బాంగ్ తాత ముందు పోశాడు. చుక్క ఒలకలేదు. వెనక్కొచ్చి మల్సున్ చెవిలో గుసగుసలాడాడు. "ఎడంచేత్తో పీక నొక్కినట్టు నొక్కి పట్టా. లేకపోతే ఆయన కోటుకి స్నానమే!"

"ఆ మాట ఆయనకే చెప్పొచ్చుగా?"

"అంతపెద్ద మనిషి మొహమ్మీదా? మతిపోయిందా నీకు, మల్సునమ్మా!"

మల్సున్ వంతొచ్చింది. కావాలనే ఎడమచెయ్యి తీసేసింది. సీసామూతి కప్పు అంచుమీద టకటకలాడింది.

"అవ్వా! మర్యాద, మర్యాద!" అంటూ నామ్‌గుంగ్ ఉరికొచ్చి, ఆమె ఎడమచేతిని మణికట్టు కింద పెట్టి తనూ అదిమి పట్టాడు.

చుక్క ఒలకలేదు. "నయం!" అన్నారు ఉపమంత్రిగారు.

పోసిన కప్పు ఖాళీ చెయ్యకపోతే పోసినవాళ్లకి అవమానం. ఆయన ఎవర్నీ అవమానించలేదు. ఇరవై కప్పులూ ఖాళీ చేశాక, బదులుగా వాళ్లకి పొయ్యడానికి సీసా అందుకున్నారు. పెద్దాయన కదా, ఒంటిచేత్తోనే. సగం బాంగ్ తాత ఒళ్లో పడింది, సగం తన టై మీద.

చుట్టూ ఉన్నవాళ్లు తువ్వాళ్ల కోసం ఉరికారు. నామ్‌గుంగ్ మొహం మాత్రం వెలిగిపోయింది.

"సార్! మందు తీసుకోని మనిషి మీరొక్కరే. మీది ఒలికింది! తీసుకున్న ఇరవైమందిలో ఎవరిదీ ఒలకలేదు! పోల్చడానికి మనిషి దొరికాడు సార్!"

"అయితే జపాన్ అక్కర్లేదా?" ఉపమంత్రిగారి కళ్లు చెమర్చాయి. "దేశం కోసం ఒలకబోశానయ్యా!"

మర్నాడు పత్రికలన్నీ నూటికి నూరుపాళ్లు విజయమని రాశాయి. మల్సున్‌కి సూదులు ఆపేశారు. నయమైనవాళ్లకి మందెందుకు? కెమెరాల్ని వెంటబెట్టుకొచ్చి కొట్టు తెరిపించారు. ఆమె పిండిమీద కత్తి ఆనించింది. చెక్కపీట దడదడలాడింది.

"ఏంటవ్వా ఆ చప్పుడు?" అన్నాడు విలేఖరి.

"నయమైన చప్పుడు, నాయనా."

కత్తి పక్కన పడేసి, పిండిచేతులతోనే ఆమె కెమెరా పట్టుకుంది.

"నామ్‌గుంగూ, వింటున్నావా? మర్యాద నీ ఇంట్లో పెట్టుకో. ఆ యంత్రం బయటికి తియ్యి. మాలో సగంమందికి ఉప్పునీళ్లే పొడువు, నాకైనా సరే, ఎవరికేదో మాకు చెప్పకు. ఒక్కొక్కరి చెయ్యీ రెండో చేతి ఆసరా లేకుండా విడిగా పెట్టి మళ్లీ మొదట్నించి కొలువు. అప్పటిదాకా ఆ విజయం వెనక్కి తీసుకోండి. ఇవాళే!"