సహకార నిర్ధారణ సంఘం

చెప్పిన మాట వినని పిల్లలకు ఇకపై బడిలో చోటు ఉండదనీ, వింటారో వినరో ఐదుగురు పెద్దల సంఘం స్వయంగా తేలుస్తుందనీ నోటీసు బోర్డు మీద శుభవార్త వెలువడింది. మొదటి పరీక్ష రెండో తరగతి అమ్మాయికి. ఆ పిల్లకు ఆటిజం. మూడు బడులు ఇప్పటికే దండం పెట్టి పంపేశాయి. నోటీసు చదివేసరికి, బట్టలు కుట్టి బతికే వాళ్లమ్మ గుండెల్లో రాయి పడింది.

పిల్లతో ఎలా మెలగాలో ఆవిడకు బాగా తెలుసు. ఒక్కరే చెప్పాలి, ఒక్క పనే చెప్పాలి. చెప్పాక మనసులో పది లెక్కపెట్టుకుంటూ నోరు మూసుకోవాలి. ఏడు, ఎనిమిది దగ్గర పిల్ల చెయ్యి కదులుతుంది. ఆ సంగతే పెద్దలకు చేతులు జోడించి మనవి చేసుకుంది.

“మాకు చెప్పాలామ్మా? పాతికేళ్లుగా పిల్లల్ని చూస్తున్నాం,” అన్నారు హెడ్మాస్టరు. మిగతా నలుగురూ తలలూపారు. తలలూపడంలో మన పెద్దల క్రమశిక్షణకు వంక పెట్టలేం.

పరీక్ష సులువే. ఎర్ర బంతిని డబ్బాలో వెయ్యాలి. హెడ్మాస్టరు చెప్పారు, అమ్మ లెక్క మొదలుపెట్టింది. రెండు దగ్గర డ్రిల్లు మాస్టారు “ఊఁ, కానీ, త్వరగా” అని చప్పట్లు కొట్టారు. అమ్మ మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకుంది. మూడు దగ్గర పిల్లలకు కౌన్సెలింగు ఇచ్చే మేడమ్ “నా కళ్లలోకి చూడు బంగారం” అన్నారు. గుమాస్తా బంతిని ముందుకు జరిపి “ఇదిగో, ఇదే” అన్నాడు. అంతలో తల్లిదండ్రుల సంఘం అధ్యక్షులు లేచి, “విధేయత లేని బాల్యం పునాది లేని భవనం” అంటూ ఉపన్యాసం అందుకున్నారు. పిల్ల చెవులు మూసుకుంది. “వినదలచుకోలేదు” అని ఐదు కలాలు ఒకేసారి రాశాయి.

అమ్మకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పిల్ల చోటు పోతుందేమోనని రెండూ దిగమింగింది.

టీ వచ్చిందని కబురందడంతో సంఘం యావత్తూ, ఒక్కసారి చెప్పగానే, లేచి వెళ్లింది. గది సద్దుమణిగింది. “బంతి డబ్బాలో వెయ్యి,” అంది అమ్మ, అని ఊరుకుంది. ఎనిమిది దగ్గర బంతి డబ్బాలో పడింది. ఎవరూ చెప్పకుండానే పిల్ల మూత కూడా పెట్టింది.

తిరిగొచ్చిన పెద్దలు మూత తీసి చూశారు. సభ్యులు లేనప్పుడు జరిగిన సహకారం నిబంధనల ప్రకారం చెల్లదని తేల్చి, పిల్లను బడి నుంచి తీసేసే కాగితం అమ్మ ముందు పెట్టారు.

“ఇక్కడ సంతకం పెట్టమ్మా.”

“ముందు తేదీ వెయ్యాలి.”

“అక్కడ కాదు, కింద.”

“పూర్తి పేరు రాయమ్మా.”

“కాస్త తొందరగా కానివ్వు, బయట ఇంకొకరున్నారు.”

అమ్మ చేతిలో కలం గాలిలోనే ఆగిపోయింది.

అధ్యక్షులు జాలిగా నిట్టూర్చి నివేదిక అడుగున ఓ మాట చేర్చారు: “తల్లి కూడా చెప్పిన మాట వినడం లేదు. ఇది వంశపారంపర్యమని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.”