మైదా డబ్బాలో బాదం పిండి

రంగుల దుకాణదారు ఆ ఉదయం లేస్తూనే లెక్క వేసుకున్నాడు. మధ్యాహ్నం రంగుల కంపెనీ మేనేజరు భోజనానికి వస్తాడు, తృప్తిగా తింటాడు, ఊరంతటికీ ఏజెన్సీ ఇస్తూ కాగితం మీద సంతకం పెడతాడు. ఇవ్వకపోతే అది ఎదురు వరసలోని కొట్టుకు పోతుంది. పిజ్జా ఇష్టమేనా అని ఫోన్‌లో అడిగితే మేనేజరు "ఇష్టమే గానీ..." అన్నాడు. ఒప్పుకున్న బేరగాడిని రెండో మాట ఆడనివ్వకూడదన్నది మనవాడి వ్యాపార సూత్రం. వెంటనే ఫోన్ పెట్టేశాడు.

చిక్కల్లా భార్యతోనే. డాక్టరు ఆయనకు షుగరని తేల్చిన నాటి నుంచి, అంటే మూడు నెలలుగా, ఆ ఇంట్లో అన్నం, మైదా దరిచేరని కీటో వంట తప్ప ఇంకోటి లేదు. పాస్తా అంటే సన్నగా చీరిన క్యాబేజీ. పిజ్జా అంటే బాదం పిండి అట్ట. ఆ అట్ట మేనేజరు నోట పడితే ఏజెన్సీ గోవిందా అనుకున్నాడు.

అందుకని ఆవిడ స్నానానికి వెళ్ళగానే వంటింట్లో దూరాడు. బాదం పిండిని మైదా డబ్బాలోకి, మైదాను బాదం డబ్బాలోకి గుమ్మరించాడు. జనం డబ్బా మీద చీటీ చూస్తారే గాని, లోపలి సరుకు పరీక్షించరని ఆయన పాతికేళ్ళ అనుభవం.

ఆయన లెక్కకు అందనిది ఒకటే. ఇంటికొచ్చిన మనిషిని కూడా పథ్యంలో పెట్టడం పాపమని ఆవిడకూ తోచింది. మేనేజరు పిజ్జాకు మైదా డబ్బా తీసింది, మొగుడి పిజ్జాకు బాదం డబ్బా. మొదటి ముద్ద ఎంత పిసికినా పొడిపొడిగా రాలిపోయింది. నాసిరకం మైదా అంటగట్టాడని కిరాణావాణ్ణి తిట్టుకుని, గుడ్డూ చీజూ వేసి ఎలాగో అతికించింది. రెండోది మాత్రం పట్టులా సాగింది. ఇన్నాళ్ళకు చెయ్యి తిరిగిందని మురిసిపోయింది.

మేనేజరు మొదట మొహమాటంగా అంచు కొరికాడు. తరవాత పళ్ళెం దగ్గరకు లాక్కున్నాడు. ఎదురుగా దుకాణదారు తన ఎత్తు పారిందని లొట్టలు వేస్తున్నాడు.

"చెల్లెమ్మా, ఇది బాదం పిండే కదూ?" అన్నాడు మేనేజరు.

"అయ్యో, మీకు బాదం పెడతానా అన్నయ్యగారూ? అచ్చమైన మైదా," అంది ఆవిడ గర్వంగా.

మేనేజరు చెయ్యి ఆగిపోయింది. తనకూ షుగరేనని, ఏడాదిగా మైదా ముట్టలేదని, ఆ సంగతే ఫోన్‌లో చెప్పబోతే పెట్టేశారని చెప్పి, బల్ల మీది ఏజెన్సీ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

దుకాణదారు మేనేజరు పళ్ళెం చూశాడు, తన పళ్ళెం చూశాడు. సంగతి వెలిగింది.

"కంగారు పడకండి సార్. మీరు తిన్నది బాదమే. డబ్బాల్లో సరుకు నేనే మార్చాను."

"అయితే మీరు తింటున్నదేమిటి?" అని మెల్లగా అడిగింది భార్య. జవాబు కోసం ఆగకుండా ఆయన పళ్ళెం లాగేసుకుంది.

మేనేజరు మిగిలిన ముక్క నింపాదిగా పూర్తిచేసి, చెయ్యి కడుక్కుని వచ్చాడు. "చీటీ ఒకటి, సరుకు ఒకటి పెట్టేవాళ్ళకి మా డబ్బాలెలా అప్పగించమంటారండీ?"

మేనేజరు సంచిలోంచి కాగితం మళ్ళీ తీశాడు.

"ఏజెన్సీ మీ పేరున రాస్తున్నా చెల్లెమ్మా. మీకు తెలిసినంతలో మీరు నిజమే చెప్పారు."

మర్నాటి నుంచి దుకాణంలో యజమాని కుర్చీలో ఆవిడే కూర్చుంటోంది. గుమాస్తాను మాత్రం ఇంటి నుంచే తెచ్చుకుంది.