గట్టు మీద రేడియో

కోదండరామి మడి బీడు పడడానికి కారణం బసవపున్నయ్యే. గుంటూరు వైపు నుంచి వచ్చి కాలువ కింద భూములు కొన్నాడు, ఎవరూ కాదనలేదు. ఆ యేడు బళ్ళారి నుంచి బ్యాటరీ రేడియో కూడా తెచ్చాడు.

ఆ పొద్దున కోదండరామి అనుకున్నది మామూలు పనే. నారు పీకి కట్టలు కట్టి ఉంది. కాలువలో అతని నీళ్ళ వంతు సాయంత్రం వరకే. భార్య సుబ్బరత్నమ్మ అందరి మళ్ళలోనూ వంగి నాటి వచ్చింది. ఇప్పుడు ఆ ఇళ్ళ ఆడవాళ్ళంతా అతని మడి నాటి, పనికి బదులు పనిగా ముయ్యి తీర్చాలి. ముయ్యి ఎగ్గొట్టిన ఇల్లు ఆ ఊళ్ళో అంతవరకు లేదు.

పొద్దెక్కినా ఎవరూ రాలేదు. అందరూ బసవపున్నయ్య అరుగు ముందర కూర్చుని ఉన్నారు.

"ఏందక్కా ఓబులమ్మా, నారు వాడిపోతాండాది."

"వస్తాండామప్పా. ఈ పాట అయిపోనీ."

పాట తర్వాత ఒకామె సబ్బు గురించి తియ్యగా చెప్పింది. తర్వాత ఇంకో పాట.

"కాసేపు ఆపు బసవపున్నయ్యప్పా."

"ఆపితే నన్ను తిడతారండీ. పోనీ మీ మడి దగ్గరికే పట్టుకుపొండి. వింటూ నాటేస్తారు."

కోదండరామికి ఆ మాట నచ్చింది. రేడియో నెత్తిన పెట్టుకుని నడిచాడు. వెనక ఊరేగింపులా ఆడవాళ్ళు, ఏరియల్ తీగ చుట్ట పట్టుకుని బసవపున్నయ్య. గట్టు మీద పెట్టి తిప్పితే బుసబుస తప్ప మాట లేదు.

"తీగ ఎత్తున కట్టాలండీ."

కోదండరామి గట్ల మీద ఎత్తయినదేదీ లేదు. పక్కన బసవపున్నయ్య దమ్ము చేసిన మడి గట్టున పోయిన పంటనాటి కావలి మంచె ఉంది. కోదండరామే ఎక్కి తీగ కట్టాడు. పాట గట్టిగా వచ్చింది. ఆడవాళ్ళు నారు కట్టలు తీసుకుని పాట వచ్చే మడిలోకి దిగారు.

"అక్కా, అది నా మడి కాదు."

"ఆడికొస్తే ఇనపడదు కదప్పా."

"మరి నా ముయ్యి?"

"ముయ్యి యాడికి పోతాదిలే."

నారు కోదండరామిది. సుబ్బరత్నమ్మ ముయ్యాళ్ళకని మోసుకొచ్చిన సంగటి కూడా ఆ మడి గట్టు మీదే ఖాళీ అయింది. బసవపున్నయ్య మొహమాటపడుతూనే కట్టలు అందించాడు. సాయంత్రానికి అతని మడి పచ్చగా అయింది, కోదండరామి నీళ్ళ వంతు అయిపోయి కాలువ కట్టేశారు.

"పాటలు బాగుండాయా?" అంది సుబ్బరత్నమ్మ, ఖాళీ తట్ట ఎత్తుకుంటూ.

మర్నాడు ఓబులమ్మ కాగితం చుట్టిన బిళ్ళ ఒకటి తెచ్చి గడప మీద పెట్టింది.

"రేడియోలో ఆయమ్మ చెప్పిన సబ్బేనప్పా. ముయ్యి తీరిపోయినట్లే."

వారం తిరిగేలోగా మిగిలిన ఆడవాళ్ళు కూడా అలాగే తీర్చేశారు.

కోదండరామికి పోయింది ఎకరా ఇరవై సెంట్ల పంట. ఇల్లు మాత్రం ఆ యేడంతా మంచి వాసన వేసింది.