నూట పద్నాలుగు

కొన్నాళ్లుగా తాను రోజూ పొద్దున్నే ఆరింటికి లేచి మైదానం చుట్టూ పరుగెత్తుతున్నట్టు నిద్రగన్నేరుకి ఆ మంగళవారం ఎనిమిదింటికి, మంచం మీద ఉండగానే తెలిసింది.

ఆ సంగతి చెప్పింది తలుపు కిందినుంచి ఎవరో తోసిన కవరు. పైన అతని పేరు, రోల్ నంబరు నూట పద్నాలుగు. లోపల కాలేజీ కౌన్సెలింగ్ కేంద్రం వాళ్ల చీటీ. నాలుగో వారం కూడా పొద్దున ఆరింటి పరుగుతో సహా అన్ని పనులూ పూర్తి చేసినందుకు అభినందనలు, ఈ రోజు పదింటికి ఆఖరి సమావేశం. ఆ కేంద్రంలో అతను అడుగుపెట్టిన పాపాన పోలేదు. ఆ రోజుకి అతను వేసుకున్న కార్యక్రమం ఒక్కటే, పదకొండు దాకా నిద్ర. నిద్రగన్నేరన్న పేరు హాస్టల్ వాళ్లు ఊరికే పెట్టలేదు. ఏం చేయాలో అడుగుదామంటే రెండో మంచం ఖాళీగా ఉంది. దాని యజమాని, అందరూ రేడియో అని పిలిచే స్నేహితుడు, నోరు తెరిస్తే హాస్టలంతా పొట్ట పట్టుకుని నవ్వాల్సిందే.

పొరపాటని చెప్పి వచ్చి మళ్లీ పడుకుందామని నిద్రగన్నేరు పదిదాకా ఆగకుండా చెప్పులేసుకున్నాడు. అతను చేసిన తప్పల్లా అదే.

కేంద్రంలో రోజూ ఉండే మేడమ్ సెలవు పెట్టింది. ఆవిడ బదులు ఆ ఉదయమే వచ్చిన కొత్తావిడ ఫైలు ముందేసుకుని కూర్చుంది. పిల్లల్ని చదువులోకి, బతుకులోకి మళ్లించడమంటే ఆవిడకి ప్రాణం.

"రా నాన్నా, కూర్చో. నీ ఫైలు చూస్తే ముచ్చటేసింది."

"అది నాది కాదు మేడమ్. నేనసలు ఎప్పుడూ పరిగెత్తలేదు."

ఆవిడ ఏదో రాసుకుని, పద్ధతినంతా ఓపిగ్గా విడమర్చింది. దిగులు తగ్గాక పనులు చేద్దాంలే అని పడుకుంటే ఆ రోజు రాదట. ముందు చిన్న పనేదైనా చేస్తే, మనసు కాళ్లీడ్చుకుంటూ దాని వెనకాలే వస్తుందట. అందుకే ఏ గంటకి ఏ పనో కాగితం మీద రాసుకోవడం, పనికి ముందు ఉత్సాహం పదికి ఎంత, తర్వాత ఎంత అని మార్కులు వేసుకోవడం. మొదటి వారం పక్క సర్దినందుకు ఒకటి, రెండయింది. మూడో వారం మొక్కలకి నీళ్లు పోస్తే మూడు, ఆరయింది. నిన్న నాలుగు రౌండ్లు పరుగెత్తాక ఏకంగా ఎనిమిది.

ఆ ఎనిమిదికీ తనకీ సంబంధం లేదని, కావాలంటే ఎవరినైనా అడగమని, తాను పదకొండింటికిగానీ లేవనని నిద్రగన్నేరు మొత్తుకున్నాడు. ఆవిడ రాస్తున్నది తలకిందులుగానే చదివాడు. 'సాధించినదాన్ని ఒప్పుకోవడం లేదు. పదకొండు దాకా నిద్ర. దిగులు తిరగబెట్టింది.' ఆ తర్వాత ఆవిడ చేయి ఫోన్ మీదికి వెళ్లింది. ఇలాంటప్పుడు ఇంట్లోవాళ్లతో మాట్లాడి, ఈ సెమిస్టరు ఇంటిదగ్గర విశ్రాంతి ఇప్పిస్తే మంచిదంది.

నిద్రగన్నేరు వాళ్లింట్లో విశ్రాంతి అనే వస్తువు లేదు. నాన్న ఉన్నాడు, నాన్నకి టైల్స్ కొట్టు ఉంది, కొట్టులో ఒక మనిషి తక్కువయ్యాడని ఆయన రెండేళ్లుగా అంటూనే ఉన్నాడు. ఒక్కసారి ఆ షట్టర్ లోపలికి వెళ్తే ఇక డిగ్రీ సంగతి దేవుడెరుగు.

నిజం చెల్లదని తేలాక అబద్ధానికి దిగాడు. అన్నీ తానే చేశానని, సిగ్గేసి కాదన్నానని చెప్పాడు. ఆవిడ తేలిగ్గా నమ్మే రకం కాదు.

"అయితే పద. నా కళ్లముందు నాలుగు రౌండ్లు."

మొదటి రౌండు పరువు కోసం పరుగెత్తాడు. రెండోది టైల్స్ కొట్టును తలుచుకుని. మూడో రౌండులో చెప్పు తెగింది, కళ్లు బైర్లు కమ్మాయి. నీళ్లు పడుతున్న తోటమాలి పైపు వదిలేసి వచ్చి, ఈ ఆయాసగాడెవరని అడిగాడు. నూట పద్నాలుగు అని ఆవిడ చెప్పింది.

"నూట పద్నాలుగు బాబు నాకు తెలీదా అమ్మా? రోజూ పరుగయ్యాక నాతో కలిసి నీళ్లు పడతాడు. వీడెవడో ఆ పిల్లాడి పేరు కాజేశాడు."

నిద్రగన్నేరు గుర్తింపు కార్డు దిండు కింద ఉంది. తోటమాలి కేకకి వాచ్‌మన్ వచ్చాడు. తన పేరు తానే దొంగిలించిన నేరానికి నిద్రగన్నేరు రెక్క పట్టుబడింది.

సరిగ్గా పదింటికి చేతిలో మడిచిన కాగితంతో రేడియో అటుగా వచ్చాడు. అదిగో మన నూట పద్నాలుగు అని తోటమాలి సంబరంగా చెయ్యెత్తాడు. రేడియో ఒక్క క్షణం వెనక్కి తిరగబోయాడు. స్నేహితుడి రెక్క ఎవరి చేతిలో ఉందో చూసి ఆగాడు. వచ్చి, ఆ ఫైలు తనదేనని ఒప్పుకుని గడ్డి మీద కూర్చున్నాడు. కొత్తావిడ ఫోన్ సంచిలో పెట్టేసింది. వాచ్‌మన్ చేయి వదిలేశాడు.

"నీకు దిగులేంట్రా?" అన్నాడు నిద్రగన్నేరు, ఊపిరి అందాక.

"ఉందిరా. రెండు నెలలు మీ అందర్నీ నవ్వించడం, గదికొచ్చి గోడవైపు తిరిగి పడుకోవడం. నువ్వు నిద్రలో ఉండేవాడివి, నీకెలా తెలుస్తుంది? ఒకరోజు ఎలాగో ఇక్కడిదాకా వచ్చాను. రోల్ నంబరు అడిగారు. రెండేళ్లుగా క్లాసులో నీ హాజరు నేనే కదా పలుకుతోంది, నోరు అలవాటుగా నీ నంబరు చెప్పేసింది. దిద్దుకుందామనుకున్నా. కానీ రేడియోకి దిగులంటే ఎవడైనా జోకనుకుంటాడు. నీకైతే నమ్ముతారు. అందుకే నోరు మూసుకుని నీ పేరు మీదే పక్క సర్దాను, నీళ్లు పోశాను, పరిగెత్తాను. ఇప్పుడు బానే ఉంది. ఒక్కటే బాధ. నువ్వు బాగుపడుతున్నావని మేడమ్ నీ పేరు పెట్టి వారం వారం మెచ్చుకుంటుంటే, నీ మీద ఒళ్లు మండిపోయేదిరా."