ఉర్సులా పిన్నికి తెలియకుండా రెండు రోజులు

మా గ్రెనడా దీవి వాళ్ళు పక్క దీవికి వెళ్ళి రెండు రోజులు ప్రశాంతంగా ఉండాలంటే ముందు కావలసింది టికెట్టు కాదు, రహస్యం. ఫలానావాడు బార్బడోస్ వెళ్తున్నాడని మా గ్వావ్ ఊళ్ళో ఒక్కరికి తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా వాకిట్లో జాజికాయ జామ్ సీసాలూ మిరప పచ్చడి సీసాలూ బారులు తీరుతాయి. ప్రతి సీసాకూ అక్కడొక చుట్టం ఉంటాడు. ప్రతి చుట్టానికీ ఒక భోజనం ఉంటుంది.

సొంత చుట్టం ఉన్న దీవిలో అద్దె గదిలో దిగడమంటే, ఆ చుట్టం బతికుండగానే పోయిందని చాటింపు వేసినట్టు.

మా ఆవిడ వెర్నిస్‌కు బార్బడోస్‌లో ఉర్సులా పిన్ని ఉంది.

క్రిస్మస్ సెలవుల్లో మేం ఎక్కవలసిన విహార ఓడ సోమవారం సాయంత్రం అక్కడి బ్రిడ్జ్‌టౌన్ రేవు నుంచే బయలుదేరుతుంది. శనివారమే వెళ్ళి, రెండు రోజులు సముద్రం ఒడ్డున గడిపి, తర్వాత ఓడెక్కాలని నా పథకం. అదీ పిన్నికి తెలియకుండా.

పిన్ని మీద నాకు కోపమేమీ లేదు. చిక్కంతా ఆవిడ గొంతుతో. మే నెలలో మా అత్తగారు పోయారు. పిన్ని ఆవిడకు చెల్లెలు. ముఖంలో పోలిక లేదు కాని గొంతు మాత్రం అచ్చం అదే. అంత్యక్రియల రోజు మా వంటింట్లో వెనకనుంచి, "వెర్నిస్, ఆ గరిటె ఇలా ఇయ్యవే" అంది. మా ఆవిడ చేతిలో పళ్ళెం కిందపడి ముక్కలైంది.

ఆ రోజు నుంచి మా వంటింట్లో పాట లేదు. అంతకుముందు తల్లీకూతుళ్ళు పొయ్యి దగ్గర చెరో గొంతూ అందుకుని పాడుతుంటే నేను టీ తాగేవాణ్ణి. ఇప్పుడు నేను టీ తాగే చప్పుడు నాకే వినిపిస్తోంది.

ఓడ ప్రయాణం అత్తగారితో కలిపి ముగ్గురికీ అని తీసుకున్నది. మూడో టికెట్టు రద్దు చేయించే పని వెర్నిస్‌కు అప్పగించాను. ఆ ఫోను చేయడానికి నాకు నోరు రాలేదు.

ఒకరోజు టీ కప్పు కింద ఉన్న కాగితంలో ఒక వసతిగృహం ప్రకటన చూసి, పథకం బయటపెట్టాను.

"స్పైట్స్‌టౌన్‌లో గది చూశాను వెర్నిస్. కిటికీ తీస్తే సముద్రమే."

"ఇక్కడ తీస్తే ఏముంది, ఎడారా?"

"ఇక్కడ సముద్రంతో పాటు హయసింత్ కూడా కనిపిస్తుందిగా."

హయసింత్ మా పక్కింటావిడ. ఊరంతా ఆమెను టెలిగ్రాం అంటారు.

"మరి పిన్నో?"

"పిన్ని ఉండేది దీవికి ఆ చివర. మనం ఉండేది ఈ చివర."

"ఇరవై ఒక్క మైళ్ళ దీవికి చివరలు కూడానా మాస్టారూ?"

"మోకాళ్ళ నొప్పులతో ఉన్న మనిషిని శ్రమ పెట్టడం దేనికని."

వెర్నిస్ నన్ను తేరిపార చూసింది. లెక్కల పరీక్ష రోజున పిల్లవాడు కడుపునొప్పి అంటే నేను చూసే చూపు అది.

"సరే," అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో వెర్నిస్ నా మాటకు వెంటనే సరే అనడం అదే మొదలు. నాకు అప్పుడే అనుమానం రావలసింది.

సోమవారం ప్రయాణమని, దిగీ దిగగానే ఓడెక్కుతామని ఊళ్ళో చెప్పాను. "అలాగే మాస్టారూ, సోమవారమే," అని టెలిగ్రాం పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. వాకిట్లోకి ఒక్క సీసా కూడా రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఇంటికి దొడ్డివాకిలి కూడా ఉందన్న సంగతి, శనివారం వెర్నిస్ పెట్టె ఎత్తినప్పుడు కూడా నాకు తట్టలేదు.

"ఏం పెట్టావే ఇందులో, రుబ్బురోలా?"

"బట్టలు."

"బట్టలు గలగలమంటున్నాయేం?"

"కొత్తవి."

బార్బడోస్ విమానాశ్రయంలో అధికారి అడిగాడు: "ఇక్కడ మీ వాళ్ళెవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు," అన్నాను. వెర్నిస్ దగ్గింది.

"గ్రెనడా మనిషికి బార్బడోస్‌లో చుట్టం లేకపోవడమా! నాకే గ్రెనడాలో నలుగురున్నారు," అంటూ పెట్టె తెరిపించాడు. పదకొండు సీసాలు. వాటి మధ్య పళ్ళెమంత నల్ల కేకు. అత్తగారి పద్ధతిలో, ఏడాది రమ్‌లో నానిన పళ్ళతో చేసినది.

"చుట్టాల్లేరంటున్నారు. ఇదంతా ఎవరికి?"

"ఈయనకే," అంది వెర్నిస్. "ఈయన తిండి మీకు తెలీదు."

అధికారి నా పొట్ట చూసి, నమ్మి, పంపించేశాడు. ఆ నమ్మకం నాకు నచ్చలేదు.

స్పైట్స్‌టౌన్‌లో వసతిగృహం యజమానురాలు మిసెస్ గిటెన్స్ పుస్తకం ముందుకు తోసింది. ముప్పై ఏళ్ళు పిల్లల చేతిరాత దిద్దినవాణ్ణి, నా పేరు ఎవరికీ అర్థం కాకుండా కెలికాను.

ఆవిడ ఒక్క చూపు చూసి, "రండి ఆల్డ్విన్ మాస్టారూ, మీ గది పైన," అంది.

"నా పేరు మీకెలా తెలుసు?"

"ఉత్తరంలో రాశారుగా," అంది, నా వెనక ఉన్న వెర్నిస్ వైపు చూస్తూ. గది కోసం ఉత్తరం రాసింది నేను కాబట్టి సరిపెట్టుకున్నాను. నా ఉత్తరంలో నేను మాస్టారునని రాయలేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

కిటికీ తీశాను. సముద్రం చక్కగా ఉంది. వెర్నిస్ దాన్ని చూస్తూ కూర్చుంది. పాడలేదు. రెండు రోజులున్నాయిలే అనుకున్నాను.

ఆదివారం పొద్దున్నే వెర్నిస్ టోపీ పెట్టుకుంది. "చర్చికి."

"ఈ ఒక్క వారం మానేస్తే ఏం?"

"ఇరవై ఏళ్ళుగా మన చర్చికి పెద్దగా ఉన్నావు. నువ్వేనా ఆ మాట అనడం?"

పిన్ని వెళ్ళే చర్చి దీవికి ఆ చివరిది. భయమేముంది? నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళాను. ప్రార్థన మధ్యలో అక్కడి పెద్దమనిషి లేచి, "ఈ రోజు మన మధ్య ఉన్న అతిథులు దయచేసి నిలబడి, మీ ఊరు చెప్పి, మీ సంఘం తరఫున శుభాకాంక్షలు అందించండి," అన్నాడు.

మా ఊళ్ళో ప్రతి ఆదివారం ఆ మాట అనేది నేనే. ఎంత మూల దాక్కున్న అతిథినైనా పేరు పెట్టి లేపుతాను. అతిథిగా ఎన్నడూ వెళ్ళినవాణ్ణి కాదు కాబట్టి, ఆ మాట నా దాకా వస్తుందని తోచలేదు.

చెప్పు సవరించుకునే నెపంతో బల్ల కిందికి వంగాను.

వెర్నిస్ లేచి నిలబడింది. "నేను వెర్నిస్, గ్రెనడాలో గ్వావ్ నుంచి. మావారు కూడా వచ్చారు. ఇక్కడే బల్ల కింద ఉన్నారు."

చర్చి అంతా నవ్వింది. లేచాను. నల్ల కళ్ళద్దాలు ఒక చెవికే వేలాడుతున్నాయి. "గ్వావ్ సంఘం తరఫున..." అని గొణిగాను.

"గట్టిగా చెప్పు అల్లుడూ!" అని వెనకనుంచి వినిపించింది. "చివరి వరసకు వినబడటం లేదు!"

అత్తగారి గొంతు!

వెర్నిస్ చేతిలో పాటల పుస్తకం ఉంది. పడిపోతుందని చెయ్యి చాపాను. పడలేదు. వెర్నిస్ వెనక్కి తిరిగి నవ్వుతోంది.

తర్వాతి పాటకు పిన్ని కర్ర ఊతంతో వచ్చి మా వరసలో కూర్చుంది. పిన్ని పాట ఎత్తుకుంది. రెండో చరణంలో వెర్నిస్ కింది గొంతు అందుకుంది. ఏడు నెలల తర్వాత. నేను కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాను. ఈసారి పిన్ని కోసం కాదు.

బయటికి వచ్చాక అడిగాను, "పిన్నీ, ఇంత దూరం..."

"మిసెస్ గిటెన్స్ నా చిన్ననాటి స్నేహితురాలు. ఆ గది బాగుంటుందని వెర్నిస్‌కు చెప్పిందే నేను."

ఆ వసతిగృహం ప్రకటన ఉన్న కాగితం మా ఇంట్లో నా టీ కప్పు కింద ఎలా వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"నాకూ అక్క పోయింది అల్లుడూ," అంది పిన్ని. "నేనెవరికి కనబడకుండా దాక్కోవాలి?"

నల్ల కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

"ఆ రోజు పళ్ళెం ఎందుకు పడిందనుకున్నావు?" అంది వెర్నిస్.

"ఆ గొంతు విని తట్టుకోలేక."

"తట్టుకోలేక కాదు. అది ఇంకా ఒకచోట మిగిలి ఉందని. నువ్వు బడికి వెళ్ళాక వారం వారం ఫోన్ చేసి వింటూనే ఉన్నాను. నీకు చెబితే నువ్వు బాధపడతావని చెప్పలేదు."

ఇద్దరం ఒకరి కోసం ఒకరం దాచుకున్నాం. కాని నాకంటే ఆవిడే బాగా దాచింది.

ఆ మధ్యాహ్నం పిన్ని ఇంట్లో మూడుసార్లు వడ్డించారు. సముద్రం కనిపించే గది ఖాళీగా ఉండిపోయింది. పిన్ని కుట్టుమిషను పక్కన మడతమంచం మీద నా విహారయాత్ర పూర్తయింది.

సోమవారం రేవులో పిన్ని పెట్టె కూడా కారులోంచి దిగింది. సాగనంపడానికి వచ్చిన మనిషికి పెట్టె ఎందుకో నాకు తెలియలేదు.

"ఇక మీరు ఆగిపోండి పిన్నీ. మోకాళ్ళ నొప్పులు."

"ఆగడం దేనికి? నా గది మీ పక్కదే కదా."

వెర్నిస్ వైపు చూశాను. ఆవిడ శ్రద్ధగా ఓడ చిమ్నీ చూస్తోంది.

"మూడో టికెట్టు రద్దు చేయించమన్నానుగా?"

"పేరు మార్పించాను. రద్దు చేయడానికి నాకూ నోరు రాలేదు."

రెండు రోజులు తప్పించుకోవాలనుకున్న మనిషితో ఏడు రోజుల ప్రయాణం. ఓడ కదిలింది. సూర్యుడు దిగుతుంటే ఇద్దరూ ఓడ అంచు కమ్మీల దగ్గర నిలబడి, నల్ల కేకు ముక్కలు తింటూ, ఎప్పటి పాటో ఎత్తుకున్నారు. టీ కప్పు పట్టుకుని వెనక నిలబడ్డాను. ఏడు నెలల తర్వాత నేను టీ తాగే చప్పుడు నాకు వినబడలేదు. ఆ సంతోషం ఆపుకోలేక నేనూ గొంతు కలిపాను.

"మాస్టారూ, నువ్వు పాడకు," అన్నారు ఇద్దరూ ఒకే గొంతుతో.